వేలు ఆగిన ప్రశ్నలు

ఆ రోజుల్లో పోటీ పరీక్ష అంటే మాకు తెలిసింది ఒకటే: జవాబుల కాగితం మీద ఒక్క గుండ్రం కూడా ఖాళీగా ఉండకూడదు. తెలిసింది తెలిసినట్టు దిద్దాలి, తెలియనిది తెలిసినట్టు నటిస్తూ దిద్దాలి. (ఆ రోజులంటే తాతల కాలం అనుకోకండి, ఆరేడేళ్ల కిందటి మాట. కానీ పరీక్షలు రాసేవాళ్లకు ఏళ్లు మామూలుగా గడవవు. ఒక నోటిఫికేషన్‌కూ ఇంకో నోటిఫికేషన్‌కూ మధ్య మనిషికి సగం జుట్టు రాలిపోతుంది.) తెలియని ప్రశ్న వస్తే ఎవరి పద్ధతి వాళ్లకుండేది. మా బ్యాచ్‌లో ఒకామె కళ్లు మూసుకుని పెన్ను ఎక్కడ ఆనితే అక్కడ దిద్దేది. ఇంకొకామె తన ఉంగరం వేలు ఏ గుండ్రం మీద పడితే అదే ఖాయం చేసేది. నేను మాత్రం ఎప్పుడూ 'సి'. ఎందుకు 'సి' అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. 'ఎ' మరీ ముందుకొచ్చి నిలబడ్డట్టు, 'డి' మరీ వెనక దాక్కున్నట్టు, 'బి'ని అందరూ పెడతారన్నట్టు అనిపించేది. 'సి' చూడ్డానికి నమ్మకమైన మనిషిలా ఉండేది.

మాది బోధన్. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుట్టేది. నేను కూడా బడి దాటినప్పటి నుంచి ఆమె పక్కన చాట పట్టుకుని కూర్చున్నదాన్నే. బాపు చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు చెరుకు బండ్ల కాంటా దగ్గర పనిచేసిండు, అది మూతబడ్డాక చెరుకు నరికే కాలంలో ట్రాక్టర్ల వెంట పోతాడు, మిగతా కాలంలో కళ్లజోడు పెట్టుకుని పాత పేపర్లు కూడా చదివేస్తాడు. నేను ఇంటర్ గట్టెక్కి, డిగ్రీలో చేరి, చేరిన సంగతి కాలేజీకి తెలిసేలోపే మానేశాను. అప్పటికి రెండు పరీక్షలు రాశాను, రెండూ పోయాయి. మూడోసారి ఫారం నింపుతుంటే అవ్వ చుట్టడం ఆపకుండానే చెప్పింది: "ఇదొక్కటి రాయి బిడ్డ. అయితే అయింది. కాకుంటే ఉగాది దాటినంక నీ పేరు మీద కార్డు తీపిస్త. టేకేదారు సుత సరే అన్నడు."

కార్డు అంటే బీడీలు చుట్టేవాళ్లకు కంపెనీ ఇచ్చే పుస్తకం, దాన్ని రాసేది మాకు ఆకు, తంబాకు తెచ్చిచ్చే కాంట్రాక్టరు, అదే టేకేదారు. అది చెడ్డదని నేను అనను. మా గల్లీ మొత్తం ఆ కార్డు మీదే బతికింది, నేను కూడా. కానీ ఒకసారి పేరెక్కితే మోకాళ్లు పట్టేసేదాకా చాట ఒళ్లోంచి దిగదు. నాకు పెద్ద పెద్ద కోరికలేం లేవండి. ఒక కుర్చీ కావాలి. అవ్వ ముప్పై ఏళ్లుగా గచ్చు మీదే కూర్చుంది, నేను కుర్చీలో కూర్చుని పని చేయాలి. అంతే.

సరిగ్గా ఆ మూడోసారికే పరీక్ష తీరు మారింది. తప్పులకు కోత పెట్టారు. మూడు తప్పులు రాస్తే వచ్చిన ఒప్పుల్లోంచి ఒకటి ఎగిరిపోతుంది. నిజామాబాద్‌లో మేం పోయే కోచింగ్‌లో సార్ ఆ సంగతి చెప్పి, కొత్త పద్ధతిలో ఒక మాదిరి పరీక్ష పెట్టిండు. నేను అలవాటు ప్రకారం ఒక్క గుండ్రం వదలకుండా దిద్ది, అందరికంటే ముందు కాగితం ఇచ్చి, బయట చాయ్ తాగొచ్చాను. మార్కులు చదువుతూ నా పేరు దగ్గరికొచ్చి సార్ తలెత్తిండు. "ఏమ్మా, నువ్వు రాయకుండ ఇంట్ల పండుకున్నా ఇంతకంటే ఎక్కువ వచ్చేటియి గదా!" అన్నడు. క్లాసంతా ఒకటే నవ్వు. నా 'సి' నన్ను అంత నమ్మించి మోసం చేసింది.

"సూడుండ్రి, ఇగ మీదట తెలిసినయే దిద్దాలె. తెల్వనియి ఇడిచిపెట్టాలె," అన్నడు సార్.

నేను ఊరుకోవచ్చు కదా. చెయ్యెత్తాను. "సార్, తెలిసిందో తెల్వదో ఎట్ల తెలుస్తది?"

మళ్లీ నవ్వు. కానీ నేను ఎగతాళికి అడగలేదండి, నాకు నిజంగానే అంతుపట్టలేదు. ప్రశ్న చదవగానే నాకు అన్నీ తెలిసినట్టే ఉంటాయి. ఆ పేరు ఎక్కడో విన్నట్టు, ఆ ఏడాది ఎప్పుడో చూసినట్టు. విన్నది తెలిసినట్టేనా? సగం తెలిసింది దేని కిందికి వస్తుంది? సార్, "గది పుస్తకాలల్ల ఉండదమ్మా," అని బోర్డు తుడిచేసిండు. తిరుగు బస్సులో బోధన్ వచ్చేదాకా నాకు అదే ఆలోచన. ఒక మనిషికి తనకేం తెలియదో తెలుసుకునే మార్గం ఏదైనా ఉంటుందా అని.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. మూడు తప్పులకు ఒక ఒప్పు పోతుందంటే ఆమె అయ్యో అంటుందనుకున్నాను. ఆమె ఆకు మీద తంబాకు పరుస్తూ, "గంతేనా? మా కాడ ఇంకెక్కువనే గుంజుకుంటరు," అంది.

నిజమే కదా! కట్టలు తీసుకుని కార్ఖానాకు పోతే అక్కడ ఒకాయన ఒక్కో కట్ట తిప్పి చూసి, వదులుగా ఉన్నవి, మూతి సరిగా మడవనివి తీసి పారేస్తాడు. దాన్ని మా దగ్గర ఛాట్ అంటారు. ఒకటి బాగాలేదని చెయ్యి పెట్టాడంటే దాని పక్కనున్న మంచివాటి మీద కూడా ఆయనకు అనుమానమే. మా గల్లీలో ఛాట్ పడకుండా తిరిగొచ్చేది అవ్వ ఒక్కతే. పక్కింటి చిన్నమ్మ అయితే ఆమె దగ్గర ఏదో మంత్రముందని చెప్పుకునేది.

"నీకు ఛాట్ ఎందుకు పడదే అవ్వా?"

"అనుమానమున్నదాన్ని కట్టల పెట్టనే పెట్టను గదా. పక్కకు వెడ్త."

"అనుమానమున్నదని ఎట్ల ఎర్కైతది?"

"ఏలుకు ఎర్కైతది. మంచిదైతే ఏలు ఉరుకుతది. మంచిగ లేకుంటే ఆగుతది. నేను సూడ కూడ సూడ."

సార్ పుస్తకాల్లో ఉండదన్న జవాబు మా ఇంట్లో గచ్చు మీద కూర్చుని ఉంది. సరే, మరి అవ్వ వేలికి బీడీ సంగతి తెలిస్తే, నా వేలికి ప్రశ్న సంగతి తెలియదా? చూద్దామని మరునాటి మధ్యాహ్నమే మొదలుపెట్టాం. బాపు ప్రశ్నలు చదవాలి, నేను బీడీలు చుడుతూ జవాబు చెప్పాలి, అవ్వ నా జవాబు వినకుండా నా చేతులు మాత్రమే చూడాలి. బాపుకు ఈ పని తెగ నచ్చేసింది. కాంటా దగ్గర బండి నంబర్లు పిలిచినట్టు గొంతెత్తి ప్రశ్న చదివేవాడు. కాకపోతే చదివి ఊరుకునేవాడు కాదు. "ఎ... ఊహూ, గిది కాదనిపిస్తున్నది. బి... గిది బాగున్నది. సి..." అంటూ దారిపొడుగునా తీర్పులిచ్చేవాడు. "బాపూ, నువ్వు చదువు, పరీక్ష నాది!" అని నేను మొత్తుకోవలసి వచ్చేది.

నాలుగో ప్రశ్నకో ఐదో ప్రశ్నకో నేను "సి" అన్నాను.

"ఛాట్," అంది అవ్వ.

"ఏందే, నీకు జవాబు ఎర్కనా?"

"జవాబు నాకేం ఎర్క? నీ ఏలు ఆగింది."

బాపు వెనక పేజీలు తిప్పి చూసిండు. తప్పే. మళ్లీ ఇంకో ప్రశ్నకు, "ఛాట్." అదీ తప్పే. నోరు ధీమాగా చెప్పేస్తోంది కానీ అంతకు ఒక్క క్షణం ముందే వేళ్లు ఆకు మీద నిలబడిపోతున్నాయి. ఇరవై రెండేళ్లు నా ఒంటికే ఉన్న వేళ్లు, నాకు చెప్పకుండా ఇంత సంగతి దాచాయా? ఆ రోజు నుంచి నాకు పరీక్ష కంటే వేళ్ల మీదే ఆసక్తి ఎక్కువైంది. ఎలాంటి ప్రశ్నకు ఆగుతాయి, ఎలాంటి ప్రశ్నకు మెల్లగా నడుస్తాయి అని గమనించడమే పని. మెల్లగా నడిస్తే నాలుగింట్లో రెండు కొట్టేయొచ్చు, అప్పుడు మిగతా రెంటిలో ఒకటి పెట్టొచ్చు. పూర్తిగా ఆగితే ముట్టుకోవద్దు. (లెక్కలు మాత్రం ఈ పద్ధతికి లొంగలేదు. లెక్క వినగానే నా చేతులు చాటను కింద పెట్టేసేవి.)

అవ్వ కూడా అప్పుడప్పుడు తప్పేది. ఒకసారి ఛాట్ అంటే, జవాబు ఒప్పని తేలింది. "ఆకు చినిగింది బాపూ, అందుకే ఆగిన," అన్నాను. అవ్వకు మాత్రం తన తప్పు ఒప్పుకోవడం ఇష్టం లేదు. "చినిగిన ఆకు ఎవరు పట్టుకొమ్మన్నరు?" అంది. ఇంకోసారి బాపు నిజాంసాగర్ ఏ నది మీద ఉందని అడిగితే, నా వేళ్లు రైలులా ఉరుకుతుండగా "గోదావరి" అన్నాను. అవ్వ తలూపింది కూడా. బాపు కళ్లజోడు తీసి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"మంజీర, బిడ్డా, మంజీర! మొన్న అండ్లనే గదనే తానం జేసినవ్!"

వేళ్లకు కూడా తప్పుడు నమ్మకాలుంటాయని అప్పుడు తెలిసింది. అలాంటివి కనిపెట్టే యంత్రం మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. వాటికి చదువుకోవడమే దారి. సరే అని చదివాను కూడా.

పరీక్ష నిజామాబాద్‌లో ఒక కాలేజీలో పడింది. ఒక గంట బాగానే గడిచింది. ఆ తర్వాత అసలు ప్రశ్నలు మొదలయ్యాయి. తెలిసినట్టే ఉన్నాయి, అన్నీ విన్నట్టే ఉన్నాయి. 'సి' నన్ను చూసి పాత స్నేహితురాలిలా నవ్వుతోంది. ఉగాది, కార్డు, గచ్చు అన్నీ కళ్ల ముందు తిరిగాయి. నేను పెన్ను పక్కన పెట్టి, రెండు చేతులూ బల్ల కిందికి దించి, ప్రశ్న చదువుతూ ఒట్టి చేతులతోనే బీడీ చుట్టడం మొదలుపెట్టాను. ఆకు లేదు, తంబాకు లేదు, అయినా వేళ్లకు అన్నీ ఉన్నట్టే. ఈ ప్రశ్నకు ఉరికాయి, దిద్దాను. ఈ ప్రశ్నకు ఆగాయి, వదిలేశాను. అలా హాయిగా ఒక పది ప్రశ్నలు పోయాక నెత్తిమీద నీడ పడింది.

"చేతులు పైకి పెట్టు." హాల్లో తిరిగే మేడం. "బల్ల కింద ఏం చేస్తున్నావ్?"

భయంతో నాకు నిజం తప్ప ఇంకేమీ తోచలేదు. "బీడీలు సుడుతున్న మేడం."

వెనకాల ఎవరో ఫక్కుమన్నారు. మేడం నా అరచేతులు తిప్పి చూసింది, బల్ల కింద వంగి చూసింది, చున్నీ దులపమంది. ఏమీ లేదు. తంబాకు మరకపడ్డ నా వేళ్లు తప్ప. అప్పుడు నా జవాబుల కాగితం చేతిలోకి తీసుకుంది. నా ప్రాణం ఆ కాగితంతో పాటే పైకి లేచింది. ఇక పోయింది, బయటికి పంపేస్తారు, టేకేదారు కార్డు రాసేస్తాడు అనుకున్నాను.

"ఇన్ని ఖాళీలు ఎందుకు వదిలావ్?"

"అవి ఛాట్ మేడం. ఏలు ఆగింది."

మేడం కాగితం వైపు ఒకసారి, నా వేళ్ల వైపు ఒకసారి చూసింది. "కాపీ కొట్టేదానివైతే ఇన్ని వదలవులే," అని కాగితం నా ముందు పెట్టింది. రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చి, నాకొక్కదానికే వినపడేలా వంగి, "చుట్టుడు మంచిగనే ఉన్నది గని, మూతి మడుస్తలేవు," అని వెళ్లిపోయింది.

(ఆమె బోధన్‌దో, ధర్పల్లిదో, ఏ చాట పక్కన కూర్చుని చదువుకుందో నేను అడగలేదు. అడిగే వీలు కూడా లేదు. ఆ తర్వాతి ప్రశ్నలన్నిటికీ మాత్రం బుద్ధిగా మూతి మడిచాను.)

ఫలితాలొచ్చిన రోజు బాపు ఫోన్‌లో జాబితా తెరిచి పైనుంచి ఒక్కో నంబరు పిలుస్తూ చదవడం మొదలుపెట్టిండు. ఎంతకీ నా నంబరు రాదు. నేను లేచి వాకిట్లోకి పోయి నిలబడ్డాను. అవ్వ కత్తెర కింద పెట్టి, "కిందికెల్లి సూడు," అంది. బాపు కిందినుంచి మొదలుపెట్టిండు. ఎక్కువసేపు పట్టలేదు. నాది చాలా దగ్గర్లోనే ఉంది. నా కింద ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అదీ ఒక చేతి వేళ్లే చాలు. ఇంకో రెండు 'సి'లు దిద్దుంటే నేను ఆ కాగితంలోనే ఉండేదాన్ని కాదు. అవ్వ పక్కింటి చిన్నమ్మను పిలిచి, "మా పిల్లకు ఛాట్ వడలే," అని మాత్రం చెప్పింది.

ఇప్పుడు నాకు కుర్చీ ఉంది. ఒక కాలు కొంచెం పొట్టిది, కింద అట్టముక్క పెట్టుకున్నాను, అయినా కుర్చీ కుర్చీయే. ఎవరైనా వచ్చి "మేడం, నా కాగితం ఎప్పుడైతది?" అంటే నా చేతులు బల్ల కిందికి పోతాయి. వేలు ఆగితే "తెల్వదు పెద్దనాయనా, అడిగి చెప్తా" అంటాను. మా ఆఫీసులో మొదట్లో నన్ను వింతగా చూశారు. ఏదడిగినా టక్కున "వచ్చే సోమవారం" అని చెప్పేయాలట.

మొన్న ప్రమోషన్ పరీక్ష వచ్చింది. తీరు మళ్లీ మారింది, ఇందులో కోతలు లేవు. అన్నీ దిద్దేయొచ్చు. ఆ మాట ఫోన్‌లో చెబితే అవ్వకు నచ్చలేదు. "ఛాట్ తియ్యరా? మరి మంచిదేదో గలీజుదేదో వాళ్లకెట్ల ఎర్కైతది? గదేం పరీక్షనే?" అని నా మీదే కోప్పడింది. వెనకాల నుంచి బాపు, "బి పెట్టు బిడ్డా, బి మంచిగుంటది!" అని అరుస్తున్నడు.

హాల్లో కూర్చుని అన్నీ దిద్దాను. ఆగినవి కూడా దిద్దాను, చాలా ఏళ్ల తర్వాత 'సి'ని పలకరించాను. చివరికి ఒకటి మిగిలింది. బల్ల కింద వేళ్లు కదిపి చూశాను, ఆకు మీద అతుక్కుపోయినట్టు ఆగిపోయాయి. ఊరికే వచ్చే అవకాశం, దిద్దితే పోయేదేం లేదు. పెన్ను ఆ గుండ్రం మీద చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. కూర్చుని కూర్చుని, ఆ ప్రశ్నను అలాగే ఖాళీగా పక్కకు పెట్టి, కాగితం ఇచ్చేసి వచ్చాను. ఇంటికి పోయాక అవ్వ అడుగుతుంది కదా, ఏమైనా పక్కకు పెట్టినవా లేదా అని.