పూలామె ఒళ్ళో ల్యాప్‌టాప్ సంచి

తిరువళ్ళూరు దగ్గరి ఫ్యాక్టరీ ఆఫీసులో నాకు ల్యాప్‌టాప్ ఇచ్చిన రోజు, డబ్బా చేతికి తీసుకోగానే ఖాళీది ఇచ్చారేమో అనుకున్నాను. అంతకుముందు నా బల్ల మీదున్న కంప్యూటర్‌ను జరపాలంటే ఇద్దరు కావాలి. ఇదేమో పలకలా ఉంది. దానికి సంచి మాత్రం ఇవ్వలేదు. కాలేజీ రోజుల నాటి పాత సంచిలోనే, టిఫిను డబ్బాకూ నీళ్ళ సీసాకూ మధ్య దూర్చి మోసేదాన్ని.

మాది అత్తిమంజేరిపేట. మా నాయనది మగ్గం పని. ఇంట్లో నూలు దుమ్ము ఎప్పుడూ ఉంటుంది. అది పడకూడదని మొదటి రోజే ఆయన ల్యాప్‌టాప్‌కు లుంగీ ముక్క చుట్టి ముడేశాడు. టిఫిను డబ్బా దాన్ని గీకేస్తుందని ఆయన దిగులు. ఆ దిగులుతో ఏం చేయబోతున్నాడో నాకు చెప్పలేదు. ముందుగా చెప్పి చేసే మనిషి కాదు ఆయన.

ఒక సోమవారం నేను లేచేసరికే నాయన మొదటి బస్సుకు తిరుత్తణి వెళ్ళిపోయాడు. అలమరలో లుంగీ ముక్క చుట్టినది ఎప్పటిలాగే ఉంది. సంచిలో పెట్టుకుని తరువాతి బస్సు పట్టుకున్నాను. తిరుత్తణిలో లోకల్ ట్రైన్ ఎక్కితే ఆడవాళ్ళ పెట్టెలో సీటు లేదు. రోజూ పూలబుట్టతో తిరువళ్ళూరుకు వచ్చే ఒకామె చేయి చాచి నా సంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నిలబడినవాళ్ళ సంచులు కూర్చున్నవాళ్ళు పట్టుకోవడం ఆ బండిలో మామూలే. అరక్కోణంలో జనం ఎక్కి నన్ను తలుపు దాకా తోసేశారు. తిరువళ్ళూరులో దిగాకే ఆమె మళ్ళీ కనిపించింది. సంచి ఇచ్చేసి గబగబా వెళ్ళిపోయింది.

ఆఫీసులో ముడి విప్పితే లోపల అట్ట ఉంది. రెండు అట్టలు జిగురుతో అంటించి, అంచులు నున్నగా కోసి, సరిగ్గా ల్యాప్‌టాప్ అంత ఉంది. గుడ్డ మాదే. ముడి నాయన వేసే ముడే. కాసేపు ఏమీ అర్థం కాక అట్టను తిప్పి తిప్పి చూశాను. ఎవరైనా తీశారనుకుంటే, సరిగ్గా అంతే అట్ట ముందుగా కోసుకుని ఎవరు వస్తారు? తీయలేదనుకుంటే ఇది ఎలా వచ్చింది? ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ తీసింది. నాయన ఫోన్ మరిచిపోయి వెళ్ళాడని, ఇంట్లో ఎవరూ ఏమీ ముట్టుకోలేదని చెప్పింది.

మా ఇన్‌ఛార్జి నన్ను రైల్వే పోలీసుల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎవరి మీదైనా అనుమానమా అని అక్కడి పోలీసామె అడిగింది. అనుమానం ఉందో లేదో నాకే తెలియదు. దారిలో సంచి ఒకరి చేతిలో ఉందని చెప్పాను. ఎవరని అడిగితే పూలామె గుర్తులు చెప్పాను. పోలీసామె రాసుకుంది. రాయొద్దని అనబోయి ఊరుకున్నాను.

మధ్యాహ్నం మూడు దాటాక తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. నాయన గొంతు.

"పాపా, నీ కంప్యూటరు ఈడుండాది. నేనే తెచ్చేసినాను."

తిరుత్తణి బజారులో సంచులు కుట్టే టైలరు ఫోన్ అది. నాకు మెత్తటి సంచి కుట్టించాలని, కొలతకు నాయన ఆదివారం అట్ట కోసి, దాన్నీ లుంగీ ముక్కలో చుట్టి అలమరలోనే పెట్టాడట. పొద్దున చీకట్లో ఒకటి తీసుకుని వెళ్ళాడు. రెండోది నేను తీసుకున్నాను. టైలరు దాన్ని ముడి విప్పకుండానే సంచి గుడ్డ మీద పెట్టి చుట్టూ సుద్దతో గీసి, పక్కకు జరపబోతే ముడి వదులై అది తెరుచుకుందట. "అన్నా, నీ అట్టలో వెలుతురు వస్తా ఉంది" అన్నాడట. నాకు నవ్వు రాలేదు. వెంటనే స్టేషన్‌కు వెళ్ళి, పోయిన వస్తువు దొరికిందని రాసిచ్చాను. అప్పటికే ప్లాట్‌ఫారం మీద ఆ పూలామెను నిలబెట్టి బుట్ట విప్పించామని పోలీసామె చెప్పింది. ఆ మాట ఆమెకు మామూలు సంగతిలా ఉంది.

సాయంత్రం తిరుత్తణిలో నాయన కొత్త సంచి నా భుజానికి తగిలించాడు. ముదురు నీలం గుడ్డ, లోపల మెత్తటి స్పాంజి. బాగుందని చెప్పాను. ఎందుకలా ఉన్నావని అడిగాడు. బస్సు వచ్చిందని ముందు నడిచాను.

మర్నాడు పూలామె పక్కన ఖాళీ ఉంది. కూర్చోవాలో వద్దో తెలియక నిలబడ్డాను. ఆమే జరిగింది. కూర్చున్నాక, నిన్న పోలీసులకు ఆమె గుర్తులు చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను. ల్యాప్‌టాప్ అసలు నా సంచిలో లేనే లేదని, అట్టనే మోసుకొచ్చానని అంతా చెప్పాను. ఆమె బుట్ట మీది గుడ్డ సర్దుకుంది.

"మోసినదానివి నీకే తెలీలేదే. ఒళ్ళో పెట్టుకున్నదాన్ని, నాకెట్ట తెలుస్తుంది?" అంది.

కోపమో, నన్ను ఓదార్చడమో నాకు అర్థం కాలేదు. తప్పైపోయిందక్కా అన్నాను. సరి అంది, అంతే. అరక్కోణంలో ఒక ముసలామె ఎక్కితే నేను లేచి సీటిచ్చాను. పూలామె నా వైపు చూసింది కానీ చేయి చాచలేదు. నేనూ సంచి ఇవ్వలేదు. తిరువళ్ళూరు దాకా దాన్ని గుండెలకు ఆనించుకుని నిలబడే వచ్చాను.