వాటం లేని నేల

మొన్న జనగామల, హైదరాబాదు రోడ్డు పక్కన ఉన్న ఒక టైల్స్ దుకాణంల, నేను చెప్పులు విడిచి, వాళ్లు నేల మీద పరిచి చూపించిన టైలు మీద సీసెడు నీళ్లు గుమ్మరించి, కోడలు సంచిలకెళ్లి సబ్బుబిళ్ల తీసి రుద్ది, దాని మీద ఉత్తకాళ్లతో నిలబడేసరికి దుకాణం దుకాణమంతా నా దిక్కే చూసింది. కోడలు మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది. దుకాణపాయన పరుగెత్తుకొచ్చి, "అవ్వా, గిది దుకాణం, నువ్వు తానం చేసే జాగ కాదు" అన్నడు. "ఎరుకే బిడ్డా. ఇక్కడ జారితే నువ్వు పట్టుకుంటవు, ఇంట్ల జారితే వస్తవా?" అన్న. మంచోడే, నవ్విండు. తరువాత తానే ఒక బట్ట, బొక్కెనెడు నీళ్లు తెప్పించి ఒక్కొక్క టైలు నా కాళ్ల ముందర పెట్టిండు.

అద్దం లెక్క మెరిసేది మొదలు పెట్టిండు. వాన పడ్డ రేగడి మీద కాలు పోయినట్టు పోయింది. పూలు పూలున్నది ఒకటి, పాల తీరు తెల్లగున్నది ఒకటి, రెండడుగుల పెద్దది ఒకటి, అన్నీ అంతే. ఆఖరుకు మూలకు పడి ఉన్న అడుగు టైలు ఒకటి నేనే చూపించిన, బూడిద రంగు, పైన ఇసుక చల్లినట్టు గరుకు. దాని మీద మడిమె పెట్టి రుద్దినా కదలలేదు. "అత్తమ్మా, గిది బర్రెల కొట్టంల ఏసినట్టుంటది" అన్నది కోడలు. "బర్రెలు జారి పడంగ ఎన్నడన్న చూసినవానే?" అన్న. మా తానాల గది ఐదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు. గంత చిన్న గదిల పెద్ద టైలు పరిస్తే నీళ్లకు వాటం రాదు, చిన్నదైతే నాలుగు దిక్కుల నుంచి నీళ్లు పోయే మోరి దిక్కు వంచుకోవచ్చునని చెప్పిన. దుకాణపాయన ఆశ్చర్యపోయి, "నీకెట్ల ఎరుక అవ్వా గివన్ని?" అని అడిగిండు. అది నాకు తెలిసిన తీరు మంచిది కాదు, అందుకని ఆయనకు జవాబు చెప్పలేదు. నా ఈడు వాళ్లు మీరు, మీకు చెప్తున్న.

ఏడు నెలల కింద మా ఆయన ఆ గదిలనే జారి పడ్డడు. తుంటి ఎముక విరిగింది. హన్మకొండ దవాఖానల రాడ్డు వేసి పంపిన్రు, ఇంకొక్కపారి పడితే మంచం దిగడని డాక్టరు నా కండ్లల్ల చూసి చెప్పిండు. అప్పటి నుంచి మా కొడుకు ఆయనను వాకిట్ల ప్లాస్టిక్ కుర్చీల కూర్చోబెట్టి, చుట్టూ దుప్పటి కట్టి, నీళ్లు పోస్తున్నడు. ఎన్ని ఊర్లల్ల ఎన్ని గోడలు లేపిన మనిషి! నర్మెట్ట నుంచి మహబూబాబాదు దాక ఆయన చెయ్యి పడ్డ ఇండ్లు ఇయ్యాళ్టికీ ఉన్నయి. అట్లాంటాయన కొడుకు ముందర పసిపోరని లెక్క కూర్చోని, నీళ్లు పోసినంతసేపు కండ్లు గట్టిగ మూసుకునేది. మెల్లగ ఇయ్యాళ సర్ది చేసిందన్నడు, రేపు చలి అన్నడు, నాలుగు రోజులకొకసారి, వారానికొకసారి అయింది తానం. విరిగిన తుంటి కన్న ఆ మూసుకున్న కండ్లే నన్ను ఎక్కువ బాధపెట్టినయి. ఆయన తన కాళ్ల మీద తాను నడిచిపోయి, తన చేతులతో తాను నీళ్లు పోసుకోవాలె, నాకు ఇంకేం వద్దు. దానికి ఆ పాత నేల పగలగొట్టాలె. ఆయన పగలగొట్టనియ్యడు. "నేను సచ్చినంక పగలగొట్టుకోండి" అన్నడు ఒకటే మాట. ఆ నల్లబడ్డ బండల మీద గంత మోజేందో కొడుక్కు, కోడలికి అర్థం కాలేదు. నాకైంది. ఎందుకంటే ఆ నేల పరిచింది నేను.

మా ఆయనది ఇండ్లు కట్టే సుతారి పని. నేను పెండ్లయి వచ్చిన ఏడాది నుంచే ఆయన జట్టుల తట్ట మోసిన. ఆడోళ్లు ఇసుక జల్లెడ పట్టాలె, సిమెంటు మాలు కలపాలె, మోసి అందియ్యాలె. తాపీ మాత్రం ముట్టద్దు. ముట్టద్దని ఎవరూ చెప్పరు, కానీ ముట్టం. చదువు సంగతంటరా, నలభై దాటినంక మా బిడ్డ నాకు పలక మీద దిద్దబెట్టింది. అప్పటి దాక నేను చదివింది సుతారుల చేతులనే. ఏ చెయ్యి ఎట్ల తిరిగితే గోడ సక్కగ వస్తదో, ఏ చెయ్యి తొందరపడితే వంకర పోతదో తట్ట నెత్తిన పెట్టుకొని చూసుకుంట నేర్చుకున్న. వాళ్లల్ల వాళ్లకు అన్నిటికన్న పెద్ద తిట్టు 'మట్టం తప్పింది' అనేది. ఆ మాటకు కొట్టుకునేటోళ్లు కూడా ఉండిరి.

ఎందరికో గదులు కట్టినం కానీ మా ఇంట్ల తానానికి గది లేదు. వాకిలి మూలకు ఒక బండ, దాని ముందర తాటాకు తడక. తడక మీద చీర కనపడితే లోపల మనిషి ఉన్నట్టు, ఆ దిక్కు ఎవరూ రావద్దు, అది అందరికీ తెలిసిన లెక్క. మా అత్తకు అప్పటికే చూపు మందగించింది. ఒకనాడు ఆమె తానం చేస్తుంటే ఈదురుగాలికి తడక ఎగిరి అవతల పడ్డది. అదే యాళ్లకు అంగడికి పోయే ట్రాక్టరు, దాని నిండ మనుషులు, మా ఇంటి ముందు నుంచి పోతున్నది. నేను చీర పట్టుకొని ఉరికిన దాక ఆమె మోకాళ్లు దగ్గరికి తీసుకొని, తల వాటిల పెట్టుకొని, చిన్నగ అయిపోయి కూర్చున్నది.  ఆనాటి నుంచి చలికాలం కూడా కోడి కూయకముందే లేచి చన్నీళ్లు పోసుకునుడు మొదలుపెట్టింది.

మా ఆయన అప్పుడు భూపాలపల్లి దిక్కు క్వార్టర్లు కడుతుంటే పోయిండు, మూడు నెలలకు గాని రాడు. అంతకుముందు మేము పని చేసిన ఒకరింట్ల మిగిలిన షాబాదు బండలు, అంచులు విరిగినవి, తీసుకపొమ్మన్నరు. అత్త, నేను ఎడ్లబండి మాట్లాడుకొని తెచ్చుకున్నం. మట్టి, ఇటుక ముక్కలు పెట్టి మనిషెత్తు గోడలు లేపిన. వాకిలికి గోనెపట్టా. ఇంట్ల ఉన్న పాత తాపీ తీసి, ఆ పట్టా దించుకొని, ఎవరూ చూడకుండ ఆ బండలు పరిచిన. అత్త మాలు కలిపి అందిచ్చింది. అత్త తట్ట అందియ్యంగ కోడలు తాపీ పట్టుడు మా వాడల అదే మొదలు, అదే ఆఖరు కావచ్చు. పళ్లెంల నీళ్లు పోసి మట్టం చూసుకుంట, మూడు రోజులు, ఒక్క బండ ఎక్కువ తక్కువ కాకుండ పరిచిన.

నాలుగో నాడు అత్త లోపలికి పోయింది. రెండు చెంబులు పోసుకున్నది. నీళ్లు కదలలేదు. ఎటు పోవాల్నో తెలువక అక్కడనే నిలబడ్డయి.

మీల ఎవరన్న ఆ పని చేసినోళ్లుంటే నవ్వుతరు. తానాల గది నేలను మట్టంగ పరవద్దు, మోరి దిక్కు వాటం ఇయ్యాలె. ఆ సంగతి నాకెందుకు తెలువదంటే, ఏ ఇంట్లనన్న తానాల గది నేల అన్నిటికన్న ఆఖరుకు పరుస్తరు. చిన్న పని, మాలు ఎక్కువ పట్టదు, అందుకని అప్పటికే తట్టలు మోసే ఆడోళ్లను ఇంకో ఇంటి పునాది కాడికి పంపుతరు. ఇన్నేండ్లల్ల ఒక్కపారన్న నేను ఆ పని కండ్లతో చూడలేదు. చూసినదంత చేసిన, చూడనిది తప్పిన.

నేను గోనెపట్టా పట్టుకొని ఏడుస్తుంటే అత్త లోపలి నుంచే, "ఏందే, నీళ్లు పోకపోతే నేను పంపుత, చీపురియ్యి" అన్నది. ఊడ్చి బయటకొచ్చింది. ఆమె సచ్చిపోయిన దాక తానం చేసినంక నీళ్లు ఊడ్చుకునుడు ఆమెకు తానంల భాగమే.

మా ఆయన వచ్చిన తెల్లారి, జట్టుల ఇంకో సుతారి, నాకు మరిది వరుస, వచ్చి చూసి పడిపడి నవ్విండు. "అన్నా, వదినె ఇంట్లనే చెరువు కట్టింది, చేపపిల్లలు ఇడువుదమా?" అన్నడు. మా ఆయన సంచిల నుంచి రసమట్టం, అదే నడుమ గాలిబుడగ ఉండే కట్టె, తీసి నాలుగు మూలలకు పెట్టిండు, నడుమ పెట్టిండు, ఐమూల పెట్టిండు. బుడగ ఎక్కడ పెట్టినా నడుమనే నిలబడ్డది. అప్పుడు లేచి, "అరేయ్, నీ జన్మల ఒక్కనాడన్న గిట్ల పరిచినవారా?" అన్నడు.  నా పనిని మా ఆయన మెచ్చుకున్న మాట ఇన్నేండ్లల్ల అదొక్కటే, అది కూడా నాతో అన్నది కాదు.

తరువాత ఆ గదికి రేకులేసిండు, తలుపు పెట్టిండు, నల్లా వచ్చింది, పక్కకు కమోడు వచ్చింది. నేల మాత్రం ముట్టలేదు. నేను మూడు నాలుగుసార్లు అడిగిన, "చూద్దాం" అన్నడు. సుతారి ఇంట్ల పని ఎన్నడూ కాదులే అనుకొని ఊకున్న. నిలబడ్డ నీళ్లకు పాకురు పడితే కొబ్బరిపీచు పెట్టి తోముకుంట వచ్చిన. నా మోకాళ్లు వంగుడు ఆగినంక తోముడు తగ్గింది, పాకురు మిగిలింది. దాని మీదనే ఆయన పడ్డడు.

ఆటోల టైళ్ల డబ్బాలు దిగిన పొద్దు ఆయన వాటి దిక్కు చూడలేదు. తెల్లారి దేవరుప్పుల నుంచి సుతారి పిలగాడు, తట్ట మోసేటందుకు అతని భార్య వచ్చిన్రు. మా ఆయన చేతికట్టె పట్టుకొని పోయి, ఆ గది వాకిట్ల కుర్చీ అడ్డం వేసుకొని కూర్చున్నడు. కొడుకు బతిమాలిండు. కోడలు బతిమాలింది. నేను బతిమాలేదాన్ని కాదు.

"లే" అన్న.

"మట్టం చూడు, ఇయ్యాళ్టికీ వెంట్రుకంత కదలలే" అన్నడు.

"మట్టమే తప్పు. గంత పెద్ద సుతారివి, ఆనాడే విప్పేసి ఎట్ల పరవాల్నో చూపిస్తే అయిపోయేది. నా తప్పును ముద్దు చేసి ముద్దు చేసి తుంటి ఇరగ్గొట్టుకున్నవు" అన్న. అందరి ముందర అన్న. అనంగనే జర పెద్దమాటే అయిందనిపించింది.

ఆయన కింద బండల దిక్కు చూసి, "ఆనాడు నీ మొఖం చూసిన. చెప్ప బుద్ధి కాలే" అన్నడు.

 సుతారి చేతుల సుత్తె గుంజుకొని, ఆయన కుర్చీ పక్కకెళ్లి లోపలికి పోయి, మొదటి దెబ్బ నేనే కొట్టిన. రెండో దెబ్బకు బండ పలిగింది. వెనుక కుర్చీ కాళ్లు ఈడ్చిన సప్పుడైంది, ఆయన పక్కకు జరిగిండు.

ఇగ చూడాలె ఆ ముసలాయనను! ఆ పిలగాడు గోడ మీద ఎర్రగీత పడే మిషిను పెట్టుకొని కొలుస్తుంటే, "ఆ లైటు పక్కకు పెట్టు కొడుకా, చెంబెడు నీళ్లు పొయ్యి, నీళ్లు అబద్ధమాడవు" అని, టైలు టైలుకు ఎంత వంచాల్నో కుర్చీల నుంచే చేతికట్టెతో చూపించిండు. మాలు అందిచ్చిన పిల్ల తట్ట పట్టుకొని ఇగ పోతనన్నది. నేను ఆమె చెయ్యి పట్టి ఆపి, నిలబడి చూడుమన్న. ఎందుకవ్వా అన్నది. ఊకెనే, చూడు అన్న.

ఐదు రోజులు ఆరనిచ్చి ఆరోనాడు ఆయన లుంగీ, తువ్వాల భుజాన వేసుకొని, చేతికట్టెతో తనంతట తాను లోపలికి పోయిండు. లోపల గొళ్లెం పెట్టద్దని డాక్టరు ఎంత చెప్పిండో ఆయనకెరుకే. పెట్టిండు.  "తియ్యి, ఏమన్న అయితే ఎట్ల?" అన్న. "నువ్వు అవతలికి పోరాదు, నాకు సిగ్గయితది" అన్నడు. డెబ్బయి దాటిన మనిషి! నేను పోలేదు, తలుపు పక్కన పీట వేసుకొని కూర్చున్న. మగ్గుతో నీళ్లు పోసుకునే సప్పుడు, మల్ల సప్పుడు. పడలేదు. తలుపు తీసుకొని, వెంట్రుకలల్ల నీళ్లు కారుకుంట, మొఖం కడిగిన ఇత్తడి లెక్క మెరుసుకుంట, నన్ను చూసీ చూడనట్టు వాకిట్లకు నడిచిండు. వీపు నడుమ, చెయ్యి అందని కాడ, సబ్బు అట్లనే ఉన్నది.

మన కాలంల ఎవరి వీపూ వాళ్లది కాదు. అత్త వీపు నేను తోమేది, నా వీపు అత్త తోమేది, పండుగనాడు ఆయనకు నూనె పెట్టి సున్నిపిండితో నేనే రుద్దేది. తడక చాటున సిగ్గుపడుకుంటనే, ఎవరన్న వస్తరేమోనని భయపడుకుంటనే, ఒకరికొకరం నీళ్లు పోసుకున్నం. గది కావాలె, తలుపు కావాలె, లోపల గొళ్లెం కావాలె అని ఎంత ఆశపడ్డం! అన్నీ వచ్చినయి. ఇప్పుడు మా ఇంట్ల నలుగురం, నలుగురం గొళ్లెం పెట్టుకొని ఎవరి తానం వాళ్లం చేసుకుంటం. మంచిదే. మల్ల ఆ తడక చాటుకు పొమ్మంటే నేను పోను, మా అత్త తల మోకాళ్లల్ల పెట్టుకొని కూర్చున్నది మరిచిపోయేదాన్ని కాదు. కానీ ఒక చెయ్యి తక్కువైన సంగతి కూడా అబద్ధం కాదు.

సబ్బు ఉన్నది, ఆగు కడుగుతనని పిలుద్దామని నోటిదాక వచ్చింది. పిలువలేదు. పిలిస్తే మల్ల ఆ కండ్లు మూసుకుంటడు. ఆయన ఎండల కుర్చీ వేసుకొని కూర్చున్నడు. వీపు మీద సబ్బు ఆరి తెల్లగ కట్టుకుంట వచ్చింది. నేను వెనుక కూర్చోని చూసుకుంట ఊకున్న.