అఖిలాండం తిన్నె దగ్గర ఆగిన కారు

మా వీధిలోకి కారు రాదు. రాజపాళయంలో ఎవరినడిగినా చెబుతారు. ఎంత గొప్ప చుట్టమైనా, మిల్లు సొంతదారైన ఏ ముదలాళి అయినా సరే, వీధి మొదట్లో పిళ్ళయార్ అనే వినాయకుడి గుడి దగ్గర దిగి, చెప్పులు ఈడ్చుకుంటూ లోపలికి నడిచి రావలసిందే. మమ్మల్ని చూసి అటుపక్క వీధివాళ్ళూ ఇటుపక్క వీధివాళ్ళూ తమ వీధుల మొదట్లో రాళ్ళు పాతుకున్నారు. మొన్న అరవై ఐదులో ఒక సంఘం పండుగకి మదురై నుంచి వచ్చిన పెద్దమనిషి మైకు పట్టుకుని, కారు మోజు వదిలి కాళ్ళని నమ్ముకున్న మహానుభావులని మావాళ్ళని పొగిడాడు. మావాళ్ళు తలలు వంచుకుని, ఎంతో వినయంగా, చప్పట్లు అయిపోయేదాకా కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది.

మేమా? వదిలామా? ఉన్నమాట చెప్పడానికి ఒక్క మనిషికి హక్కుంది, ఆమె మా ఎదురింటి అఖిలాండం అక్క. ఆమె చెప్పదు. కంపెనీకి గుడ్డ పంపే తొందరలో ఆమెకి మా గొప్పలు వినే తీరిక కూడా లేదు. అందుకని నేను చెబుతున్నాను.

అఖిలాండం అక్కది సేత్తూరు. పొలం పనిలో పుట్టి పెరిగిన మనిషి. మా వీధి బొమ్మయ్యని కట్టుకుని వచ్చింది. బొమ్మయ్య చిన్నప్పటినుంచీ పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ షెడ్డులో పనిచేశాడు. ఆ షెడ్డు మరెవరిదో కాదు, అతని చిన్నాన్న కొడుకు తిరుమలసామిది. గాలిలో ఎగిరే పత్తి నలుసంతా ఏళ్ళతరబడి బొమ్మయ్య రొమ్ములోకి పోయింది. నలభై దాటేసరికి నాలుగు మాటలు వరసగా మాట్లాడలేని స్థితికొచ్చాడు. వాళ్ళ ఇల్లు గుహలాంటిది, కిటికీ లేదు. లోపల పడుకోబెడితే అతనికి గుక్క తిరగదు. అందుకని రాత్రీ పగలూ వీధి తిన్నె మీదే, స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. నిద్ర కూడా కూర్చునే.

ఆ తిన్నె మీదే ఒక పక్కన అక్క పని. ఆసుపత్రులకి పోయే కట్టుగుడ్డ కత్తిరించి, చుట్టలు చుట్టి కంపెనీకి ఇచ్చేది. లోపలి చీకట్లో చుడితే గుడ్డ మీద మరక కనబడదు, మరక ఉంటే కంపెనీ తిప్పి పంపుతుంది. చుట్టినదంతా మూటకట్టి నెత్తిన పెట్టుకుని, ఊరి అవతల కంపెనీకి నడిచిపోయి నడిచొచ్చేది. తిన్నె అంటే ఆ ఇంటికి గాలీ అదే, గంజీ అదే.

ఇలా ఉండగా తిరుమలసామి కారు కొన్నాడు. కొండ మీద టీ తోట అమ్ముకుని సీమకి వెళ్ళిపోతున్న ఎవరో దొర వదిలించుకున్న కారు. కొన్నది అతను, జబ్బు మాత్రం వీధికంతటికీ పట్టింది. మా వీధిలో కారుంది అనుకున్నాక మాకు నడవడం నామోషీ అయిపోయింది. తిరుమలసామి భార్య ముత్తులక్ష్మి పక్కవీధి మారియమ్మ గుడికి కారులో వెళ్ళడం మొదలుపెట్టింది. రెండు వీధుల మధ్య సందులో కారు పట్టదు గనక బజారంతా చుట్టి, పత్తి బండ్ల వెనక ఆగి ఆగి, గుడికి చేరేసరికి హారతి అయిపోయేది. సందులోంచి నడిచిపోయినవాళ్ళు ప్రసాదం తింటూ ఎదురొచ్చేవాళ్ళు.

మా ఆయన సంగతి ఇంకా బాగుంటుంది. తళవాయిపురంలో ఆయన పెదనాన్న పోయాడు. రోజూ బస్సుంది. కారుండే వీధివాడు చావుకి బస్సులో పోతే ఏం మర్యాద అని మా ఆయన కారు ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాడు. కారుకి ఒకరోజు షెడ్డు పని, ఒకరోజు సుస్తీ. తీరా వెళ్ళేసరికి పదహారో రోజు కూడా అయిపోయి, వాళ్ళు ఏదో మాటకి నవ్వుకుంటూ వడలు తింటున్నారు. ఏడవడానికని సిద్ధపడి వెళ్ళిన మనిషి కదా, తువ్వాలు నోటికి పెట్టుకుని ఏడ్చేశాడు. వాళ్ళే ఓదార్చి వడ పెట్టి పంపారు. వచ్చేటప్పుడు కారు మొరాయిస్తే దారిలో తోసుకుంటూ వచ్చాడు. అసలు ఆ కారు మమ్మల్ని మోసినదానికంటే మేము దాన్ని తోసిందే ఎక్కువ.

ఇంతా చేసి కారు వీధి మొదట్లోనే ఆగిపోయేది. తిన్నెలు అడ్డం. తిరుమలసామి ఇల్లు చిట్టచివర. అతనికి కొడుకు చెవులు కుట్టే పండుగ దగ్గరపడింది. మా పక్క చెవులు కుట్టడమంటే ఆషామాషీ కాదు. మేనమామ సీరు తేవాలి, బిడ్డని ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. సీరంటే పట్టుబట్టలు, పళ్ళు, బెల్లం, కొబ్బరికాయలు, మొలతాడు, మిఠాయి, అన్నీ పళ్ళేలలో పేర్చుకుని రావడం. ముత్తులక్ష్మి అన్న దామోదరన్‌ది సేత్తూరులో పెద్ద సేద్యం. ఆ సీరు కారులో ఇంటి గడపదాకా రావాలని తిరుమలసామి పట్టుబట్టాడు. వీధి కూటం పెట్టించాడు. ఊరు ముందుకి పోవాలంటే తిన్నెలు పోవాలన్నాడు. ఎవరింట్లో శుభకార్యమైనా కారు వాళ్ళ గడపముందు నిలుస్తుందని మాట ఇచ్చాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, కార్యాలు లేనివాళ్ళు కూడా అప్పుడే మా గడపముందు కారు ఎటు తిరిగి నిలుస్తుందని పోట్లాడుకున్నారు.

తన తిన్నె ముందుగా తనే పడగొట్టించాడు తిరుమలసామి. తరవాత వరసగా అందరివీ. కొత్తనారు కాళిముత్తు, అంటే తాపీమేస్త్రీ, ఆ నెలంతా గడ్డపార దించలేదు. మా తిన్నె పోయిన రోజు మా అత్త వాకిట్లో నిలబడి, కూర్చోవడానికి చోటు లేక, మళ్ళీ లోపలికి పోయింది. వీధి బోసినోరులా తయారైంది. దాన్నే విశాలమన్నాం.

మిగిలింది అఖిలాండం అక్క తిన్నె. ఆమె తిరుమలసామి ఇంటికి వెళ్ళి, మీ అన్నకి ఊపిరాడేది అక్కడే, లోపల పెడితే బతకడు అని చెప్పుకుంది. అతను జాలిగానే విన్నాడు. ఒక మనిషి కోసం ఊరు ఆగుతుందా అన్నాడు. లోపల కరెంటు ఫ్యాను పెట్టిస్తానన్నాడు. ఆ ఇంట్లో కరెంటే లేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. అక్క ఏడవలేదు, కాళ్ళు పట్టుకోలేదు. గడప దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

"సరే, పడగొట్టు. వారంలో మీ అన్న పోతాడు. దాయాదివి, పదహారు దినాలు నీకు మైల. చెవులు కుట్టే ముహూర్తం ఎప్పుడు పెట్టుకున్నావు?"

తిరుమలసామి నోట్లో తాంబూలం కదలడం ఆగింది. దాయాది ఇంట్లో మైల వస్తే పండుగ నిలిచిపోతుంది, పిలుపులన్నీ వృథా. అన్న ఊపిరి గురించి చెప్పినప్పుడు ఎక్కని మాట మైల అనగానే ఎక్కింది. తిన్నె పండుగ అయ్యేదాకా ఉండనీ, మర్నాడు తెల్లారగానే కాళిముత్తు వస్తాడు అన్నాడు. ఆ గడువుతోనే ఆమె ఇంటికి వచ్చింది. వచ్చి బొమ్మయ్యకి ఏమీ చెప్పలేదు. మాకు మాత్రం కత్తెర చప్పుడులో ఆమె కోపం వినబడుతూనే ఉంది.

పండుగ రోజు వీధంతా గడపల్లో నిలబడింది. సీరు వస్తుంటే ఎన్ని పళ్ళేలు, ఏ పట్టు, పళ్ళు ఊరివా కొండవా అని చూడడం మా ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన ఉద్యోగం. కారు వచ్చింది. దుమ్ము పడకుండా అద్దాలన్నీ ఎత్తేశారు. పళ్ళేలు ఒకదాని మీద ఒకటి వెనక డిక్కీలోనూ, సీటు కిందా, సీటు మీదా. దామోదరన్ మెడలో దండతో వాటి మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. లోపలి ఉక్కకి అద్దాలు మసకబారి అతని మొహం కూడా సరిగా తెలియలేదు. కారు ఆగితే మళ్ళీ కదలదేమోనన్న భయంతో డ్రైవరు ఆపకుండా తోలాడు. మేళగాళ్ళు సన్నాయి చేత్తో పట్టుకుని వెనక పరుగెత్తారు. ఊదడానికి ఎవరికీ ఊపిరి మిగల్లేదు. కళ్ళు మూసి తెరిచేలోగా కారు అఖిలాండం అక్క తిన్నెని రాసుకుంటూ పోయి తిరుమలసామి గడపముందు నిలిచింది.

దామోదరన్ దిగాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. సీరు ఎట్లా ఉందని మా అత్తనే అడిగాడు, పెద్దదని. మా అత్త అబద్ధం ఎరగదు. సీరెక్కడ, కారు వెనకభాగం చూసినాను, బాగానే ఉందని చెప్పింది.

అతను నల్లటి మనిషి, ఎర్రబడ్డాడు. పళ్ళేలు దించబోతున్న వాళ్ళని ఆపి, చెల్లెలి మొగుడి వైపు తిరిగాడు.

"మాప్పిళ్ళే, గడప దాటితే సీరు మళ్ళా బయటికి రాకూడదు. ఇంకా దాటలే. వీధి చూడనిది సీరు కాదు, దొంగసొత్తు. కారుని వెనక్కి పోనీ, నడిచి వస్తా."

తిరుమలసామి నచ్చజెప్పాడు, ముహూర్తం దగ్గరపడిందన్నాడు, ముత్తులక్ష్మి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మేనమామ లేకుండా చెవులు కుట్టరు, మేనమామ కారు దిగిన చోటినుంచి కదలడు. చివరికి తిరుమలసామి మింగలేక కక్కలేక సరేనన్నాడు. కారు తిప్పడానికి చోటు లేదు, వెనక్కి పోవడం ఆ కారుకి దొర వెళ్ళిపోయినప్పటినుంచీ రాదు. దామోదరన్‌ని దండతో సహా లోపల కూర్చోబెట్టి, ఊరిని ముందుకి తీసుకుపోతానన్న తిరుమలసామి మొదలు మా ఆయన దాకా అందరూ కలిసి కారుని వెనక్కి తోశారు. ఎనిమిది మూరల పంచెలు నడుముకి బిగించి తోస్తున్న వాళ్ళని చూసి పక్కవీధి నుంచి కూడా జనం వచ్చేశారు.

పిళ్ళయార్ గుడి దగ్గర సీరు దించారు. ఈసారి పళ్ళేలు ఒక్కొక్కటీ ఒక్కొక్క ఆడమనిషి తలమీదికి ఎక్కాయి. మేళం నింపాదిగా ఊదింది. దామోదరన్ ఆ పదడుగుల వెడల్పు వీధిలో పెళ్ళికొడుకులా నడిచాడు, నడిచిన ప్రతి ఇంటిముందూ ఆగాడు. చూడాలంటే ఎత్తు కావాలి. తిన్నెలన్నీ పడగొట్టుకున్నాం. వీధి వీధంతా పోయి అఖిలాండం అక్క తిన్నె మీద ఎక్కి నిలబడింది. తోసుకున్నారు, పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు, ఒకామె కట్టుగుడ్డ మూట మీద కూర్చుంది. అక్క రెండు చేతులూ చాచి బొమ్మయ్య ముందు నిలబడి, మీద పడేవాళ్ళని మోచేతులతో నెడుతూ, ఆ సీరు అయ్యేదాకా అలాగే ఉంది. ఒక్క పళ్ళెం కూడా ఆమె చూడలేదు. నేను చూశాను, అందుకే ఆమెని తలుచుకుంటే నాకు సిగ్గూ కోపమూ కలిసి వస్తాయి.

చెవులు కుట్టారు. భోజనాల్లో అందరూ సీరు మాటే. వెళ్ళేముందు దామోదరన్ నలుగురి ముందూ ఒక మాట అన్నాడు. తిన్నెలు లేని వీధికి ఇకమీద సీరు తేను, చూసేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు అని. ఆ రాత్రికే వీధి బుద్ధి మారింది. అందరికీ ఏదో ఒక మేనమామ ఉన్నాడు మరి. కారు రాకూడదు, వస్తే మన సీర్లు ఎవరు చూస్తారని, తిన్నెలు పడగొట్టిన నోళ్ళే అన్నాయి.

ఇదంతా అఖిలాండం అక్కకి ఎవరూ చెప్పలేదు. తెల్లవారగానే కాళిముత్తు గడ్డపారతో వచ్చాడు. అక్క అప్పటికే బొమ్మయ్యని లోపలికి చేర్చి, చాప మీద కూర్చోబెట్టి, తలుపు బార్లా తెరిచి విసురుతోంది. అతని ఆయాసం వీధిలోకి వినిపిస్తోంది. కాళిముత్తు గడ్డపార ఎత్తాడు. అంతలో తిరుమలసామి చివరింటి నుంచి నడుచుకుంటూ వచ్చి, ఇది ఉండనీ, వచ్చి ముందు నా తిన్నె కట్టు అన్నాడు. ఏదో దానం చేసినవాడిలా చెయ్యి ఊపి మరీ అన్నాడు.

అక్క విసనకర్ర పట్టుకునే గడపలోకి వచ్చింది.

"ఊపిరి అని అడిగితే నువ్వు ఇయ్యలే. మైల అంటే ఇచ్చినావు. ఇప్పుడు సీరు కోసరం ఇస్తా ఉండావు. 'మా అన్న కోసరం' అని ఒక్క మాట చెప్పు తిరుమలసామీ, అబద్ధమైనా పరవాలేదు."

కాళిముత్తు గడ్డపార కిందికి దించాడు. మేమంతా గడపల్లో నిలబడి వింటున్నాం. తిరుమలసామి చెప్పులు విడిచి, వంగి లోపలికి వెళ్ళి, బొమ్మయ్యని ఒక పక్క అతను, ఒక పక్క అక్క పట్టుకుని తిన్నె మీదికి తెచ్చారు. స్తంభానికి ఆనగానే బొమ్మయ్య గుక్క తిరిగింది. తిరుమలసామి చెప్పులు వేసుకుని మేస్త్రీని తీసుకుని వెళ్ళిపోయాడు. అక్క అడిగిన ఆ ఒక్క మాట అతని నోట రాలేదు, ఏడేళ్ళయినా ఇప్పటికీ రాలేదు.