కుడి తెర వెనుక నుంచి అందిన మాట

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎవరో ఉరేసుకున్న గది అని తెలిసీ, చవగ్గా వస్తోందని అద్దెకు తీసుకొని నిశ్చింతగా నిద్రపోయినవాణ్ణి. చిన్నప్పటి నుంచీ డైరీ రాస్తాను. చూసింది రాస్తాను, ఊహించింది రాయను. ఈ సంగతి రెంటిలో ఏదో తేలక ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు లక్సెట్టిపేట తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మాది కరీంనగర్. పెళ్లి కాలేదు, తల్లిదండ్రులు అప్పటికే పోయారు. ఆఫీసు మూసేసరికి ఊరంతా నాకు ఖాళీ అయిపోయినట్టుండేది. గదికి పోయి ఇన్ని బియ్యం ఉడకేసుకోవడం, డైరీ రాయడం, దీపం ఆర్పడం. అంతే.

ఆ ఊళ్లో పని లేకుండా కూడా నాతో మాట్లాడిన మనిషి ఒక్కడే, ఓదెలు. మగ్గం నేసేవాడు, నా ఈడువాడే. సాయంత్రం మగ్గం దిగి నేరుగా బడికి వచ్చేవాడు. అక్కడ, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన తెలుగు మాస్టారు మా చేత నాటికలు ఆడించేవారు.

ఆ ఏడు మూడు నాటికలు ఒకే సాయంత్రం వేయాలనుకున్నారు. మూడూ నీతి గురించే, మాస్టారు రాసినవే. దొంగ సాక్ష్యం చెప్పిన పెద్దమనిషిది ఒకటి. తూకంలో మోసం చేసే పత్తి వ్యాపారిది ఇంకొకటి. మూడోది, అధికారుల ముందు కన్నతల్లిని పనిమనిషి అని చెప్పిన కొడుకు కథ. చివరికి ఆ కొడుకు తల్లి కాళ్ల మీద పడి "అమ్మా, నన్ను క్షమించు. నీ ఋణం తీర్చుకోలేను" అనాలి. ఆ వేషం ఓదెలుది.

ఆ మాట దగ్గర ఓదెలు రోజూ ఆగేవాడు.

"సార్, మా దిక్కు గట్ల ఎవ్వలనరు. మా అవ్వతోని నేను గిట్లంటే, జరమొచ్చిందా బిడ్డా అని నొసలు వట్టి చూస్తది."

"నాటకంలో నాటకం భాషే ఉండాలోయ్. మీ అవ్వతో ఇంటికెళ్లాక మాట్లాడుకో" అని మాస్టారు నవ్వేవారు.

వానాకాలం వెళ్తూండగా ఓదెలు నూలు కోసం గోదావరి అవతలికి పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు పడవ బోల్తాపడింది. మిగతావాళ్లు దొరికారు. ఓదెలు దొరకలేదు. నలుగురితో పాటు నేనూ ఒడ్డు వెంట చాలా దూరం వెతికాను.

తల్లి రాజవ్వ ఒప్పుకోలేదు. "పీనుగను చూపియ్యిండ్రి, అప్పుడు ఏడుస్త" అంది. దినాలు చేయనివ్వలేదు. కూతురు లచ్చవ్వ బెల్లంపల్లి నుంచి వచ్చి తనతో తీసుకుపోతానంటే కదల్లేదు. తిండి సగానికి పడిపోయింది. ఎవరేమన్నా ఒకటే మాట: "ఏ ఊర్ల తేలిండో నా కొడుకు. ఆట నాటికైతే వస్తడు." ఇట్లాగే ఉంటే చలికాలం దాటదని లచ్చవ్వ నా ముందే ఏడ్చింది.

వేషం నాకు వచ్చింది. చివరి మాట దగ్గరికి రాగానే, అది ఓదెలు మాట అనుకొని నేనూ ఆగిపోయేవాణ్ణి. మా నాటికలన్నీ ప్రాంప్టింగ్ మీద నడిచేవే. అట్లా ఆడేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది: చెవిన పడ్డ మాట అర్థమయ్యేలోపే నోట్లోంచి వెళ్లిపోతుంది. మాస్టారు పుస్తకం పట్టుకొని ఎడమవైపు తెర వెనుక నిలబడి మాట అందించేవారు. కుడివైపు తెర బడి గోడకు ఆనుకొని ఉండేది. అక్కడ మనిషి పట్టడు.

ఆట నాడు పొద్దు గుంకగానే పెట్రోమాక్సులు వెలిగించారు. రాజవ్వ అందరికంటే ముందు వచ్చి, వేదిక దగ్గర చాప మీద కూర్చుంది. ఆమె నన్ను చూడలేదు. వచ్చేపోయే వాళ్ల ముఖాలు చూస్తోంది.

మూడో నాటికలో చివరి ఘట్టం. తల్లి వేషంలో ఉన్న డ్రిల్లు మాస్టారి కాళ్ల మీద పడ్డాను. మాట రాలేదు. అలవాటుగా చెవి పెట్టాను. కుడివైపు నుంచి, పక్కనే వంగి చెప్పినట్టు, మెల్లగా వినిపించింది. వినిపించింది వినిపించినట్టే పైకి అనేశాను.

"అవ్వా, నా కోసం కూసోకు. ఇగ గొళ్లెం వెట్టుకొని పండుకో."

జనం ఘొల్లుమన్నారు. "గిదేందిరా, కాళ్ల మీద వడి గొళ్లెం వెట్టుకొమ్మంటడు" అన్నారెవరో. రాజవ్వ నవ్వలేదు. లేచి కొంగు సర్దుకొని, కూర్చున్నవాళ్ల మధ్యలోంచి దారి చేసుకుంటూ వెళ్లిపోయింది. మాస్టారు తెర దించేశారు.

"రెండుసార్లు అందించాను కదయ్యా, నన్ను క్షమించు అని" అన్నారాయన. డ్రిల్లు మాస్టారు కూడా అదే విన్నానన్నాడు. నేను ఆ మాట అసలు వినలేదు.

ముసలామె మనసు నొప్పించానేమోనని వేషమైనా పూర్తిగా తుడుచుకోకుండా వాళ్లింటికి పోయాను. తలుపు లోపలి నుంచి వేసి ఉంది. లచ్చవ్వ అరుగు మీద కూర్చుంది.

"కొడుకు పోయిన కాడికెల్లి తలుపు దగ్గరికన్న వేయనియ్యలే, తమ్మీ. గిప్పుడు తనే వచ్చి గొళ్లెం వెట్టుకుంది. నేను బయటనే ఉండిపోయిన" అంది.

పిలిస్తే రాజవ్వ తలుపు తీసింది. బాగా ఏడ్చినట్టుంది.

"నువ్వెప్పుడు విన్నవ్ బిడ్డా ఆ మాట? ఆట నేర్సుకోను బడికి వొయ్యేటప్పుడు దినాం గదే మాట చెప్పి పోయేటోడు."

ఓదెలు నోట ఆ మాట నేను వినలేదన్నాను. నిజంగా వినలేదు. నేను ఆఫీసు నుంచి నేరుగా బడికి పోయేవాణ్ణి. ఓదెలు ఇల్లు విడిచి వచ్చే వేళకు నేనెన్నడూ ఆ గడపలో లేను.

ఆమె నా ముఖం వంక చూసి, కూతురి వైపు తిరిగింది. "ఇగ రాడే. అయ్యగారికి చెప్పు, దినాలు చేద్దాం. అటెన్క నీతోని వస్త" అంది. తర్వాత పొయ్యి దగ్గరికి పోయి మా ఇద్దరికీ అన్నం పెట్టి తనూ తిన్నది. బెల్లంపల్లిలో మనుమల మధ్య చాలా ఏళ్లు బతికింది.

ఓదెలు ఎప్పుడో మాటల్లో అని ఉంటాడు, నాకు గుర్తుండి ఉండదు అన్నారు మాస్టారు. కావచ్చు. కానీ అది గుర్తుకొచ్చిన మాటలా లేదు. చెవికి ఊపిరి తగిలింది.

ఆ తర్వాత ఆదిలాబాద్ బదిలీ అయ్యేదాకా ఆ బడిలో చాలా నాటికలు ఆడాను. తెలిసిన మాట దగ్గర కూడా కావాలని ఆగి, కుడివైపు చెవి పెట్టేవాణ్ణి. ఎడమ నుంచి మాస్టారు విసుక్కునేవారు. ఆ ఊళ్లో ఓదెలు తప్ప నాకు ఎవరూ లేరు. అది ఓదెలో, నా చెవి భ్రమో నేటికీ చెప్పలేను. ఓదెలే అయితే, తల్లికి చెప్పాల్సింది నా నోటితో చెప్పి వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఏమీ చెప్పలేదు.