ఆల్చిప్పల తొట్టి వెంకటరామప్ప

శ్రీ వెంకటరామప్ప వయస్సు యాభై ఎనిమిది. ఈ విన్నపం వ్రాయువాడు ఆయనను ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఎరుగును. గనుల కార్యాలయంలో జాబులకు నకళ్ళు తీసే గుమాస్తాగా ఈ వ్రాయువాడు ఆయనను మొదట చూచిన నాడు, ఆయన చాంపియన్ రీఫ్ బంగారు గనిలో మనుషులను లోపలికి దింపే కేజి వద్ద గంట కొట్టే కొలువులో ఉండేవారు. గనులు మూతపడిన పిమ్మట రాబర్ట్‌సన్‌పేటలోని ఒక కళాశాలలో, జంతుశాస్త్ర ప్రయోగశాలకు తాత్కాలిక సహాయకుడిగా చేరారు. అక్కడ ఆయనకు అప్పగించినది సముద్రం.

కోలారు జిల్లాలో సముద్రమేమిటని నవ్వినవారిని ఆయన చేయి పట్టుకొని తీసుకువెళ్ళి, కిటికీ పక్కన ఉన్న గాజు తొట్టి ముందు నిలబెట్టేవారు. ఆ గనుల ఊళ్ళోనే పెరిగిన జంతుశాస్త్ర ఉపన్యాసకురాలు శ్రీమతి అలమేలు చెన్నై తీరం నుంచి తడి గోనెలో చుట్టి రైలులో తెచ్చిన పచ్చని ఆల్చిప్పలు అందులో ఉండేవి. ఆల్చిప్ప సన్నని దారాలతో రాతిని పట్టుకొని అలలకు తట్టుకుంటుంది. ఆ దారాలను లోపలికి లాగి బిగించే కండరం మీదనే ఆమె పరిశ్రమ అంతా. అసిటైల్ కోలిన్ అనే రసాయనం తగిలితే ఆ కండరం బిగుస్తుంది. రసాయనాన్ని కడిగివేసినా పట్టు వదలదు. సెరటోనిన్ అనే మరొకటి వచ్చి తాకితేనే సడలుతుంది. ఈ రెండూ మనిషి నరాలలోనూ ఉన్నాయని ఆమె చెప్పిన రోజున వెంకటరామప్ప తమ చేతిని అటూ ఇటూ తిప్పి చూచుకున్నారు.

"మన దాంట్లో ఉండేది ఈ చిప్పకు ఎట్ల వచ్చెనమ్మా?"

"దానికి మన దగ్గరనుంచి రాలేదప్పా. మనకంటే ఎంతో ముందు, వెన్నెముక లేని జీవులు సముద్రంలో పుట్టినప్పటినుంచీ ఉండేవే ఇవి. కబురు పాతదే, వినేవాళ్ళే మారినారు. గని సంగు ఊదితే ఏమయ్యేది? మీరు కేజి దగ్గరికి పోతిరి, మీ ఇంట్లో మునిలక్ష్మమ్మక్క అన్నం వార్చె, మేము బడికి పరిగెత్తితిమి. కూత ఒకటే. ఒక్కొక్కరు ఒక్కొక్క పని."

గని సైరన్‌ను అక్కడివారు సంగు అనే పిలుస్తారు. ఆయన కొంత ఆలోచించి అన్నారు: "మా అత్త మాత్రం సంగు విని మళ్ళా ముసుగు తన్నేదమ్మా. ఆమెకు ఆ చెవే మొలవలేదేమో!"

"సరిగ్గా అదే! చెవి లేని కండరానికి కబురు పోయినా లాభం లేదు" అని అలమేలు పడి పడి నవ్వారు.

ఇంతలో ప్రిన్సిపాలు శ్రీ మృత్యుంజయ గారి ఉత్తరువు వచ్చింది. విజ్ఞాన ప్రదర్శన నాడు ఆల్చిప్ప కండరం పని చేసి చూపితే తొట్టి ఉంటుంది. లేనియెడల ఆ గదిని కుర్చీలు పెట్టడానికి తీసుకుంటారు. తొట్టి పోతే దానిని చూచుకొనే సహాయకుడి అవసరమూ పోతుంది. ఈ సంగతి ఎవరూ వెంకటరామప్పకు విప్పి చెప్పలేదు, చెప్పనవసరమూ లేకపోయింది.

ప్రదర్శనకు ముందురోజు ఉదయం అలమేలు వచ్చేసరికి ఆల్చిప్పలన్నీ నోళ్ళు గట్టిగా మూసుకొని ఉన్నాయి. ఉప్పు కొలిచే గాజు గొట్టం నీటిపైన మరీ ఎత్తుగా తేలుతోంది.

"నీళ్ళలో ఏమి కలిపినారప్పా?"

"ఉప్పమ్మా. ఎండలకు నీళ్ళు తగ్గిపోయె. గనిలో మాకు చెమట కారిపోతే ఉప్పు నీళ్ళు తాపించేవాళ్ళు, లేకుంటే పిక్కలు పట్టేసేవి. పాపం, ఇవీ అలిసిపోయినాయని రాళ్ళ ఉప్పు కరిగించి పోసినాను." ఆయన గొంతులో కొంత గర్వమే ఉంది.

అలమేలు తల పట్టుకున్నారు. అంతలోనే నవ్వు ఆపుకోలేకపోయారు. "మీకు చెమటతో ఉప్పూ పోయింది గదప్పా! ఇక్కడ చెమట యాడుండాది? నీళ్ళే ఆవిరై పోయినాయి, ఉప్పంతా తొట్టిలోనే ఉండాది. దాని మీద మీరు ఇంగా పోసినారు."

వెంకటరామప్ప మిగిలిన ఉప్పు పొట్లాన్ని తొట్టి వెనుకకు తోశారు. మధ్యాహ్నం అన్నం క్యారియరు తెచ్చిన ఇల్లాలు మునిలక్ష్మమ్మ సంగతి విని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంట్లో పులుసులో ఉప్పు ఎక్కువాయెనని నా మీద అలిగే మనిషి! సముద్రానికే ఉప్పు చాలలేదని వేసి వచ్చినాడా?"

"నువ్వు నోరు మూసుకో. ఆల్చిప్పలే మూసుకొనుండాయి" అన్నారాయన.

ఒక్కసారిగా మంచినీరు పోస్తే జీవులు తట్టుకోలేవని అలమేలు హెచ్చరించారు. ఆయన స్టూలు మీద కూర్చొని, ముంతతో కొంచెం ఉప్పునీరు తోడడం, తోడినంత డిస్టిల్డ్ వాటర్ సన్నని ధారగా వదలడం మొదలుపెట్టారు. నిండు కేజిని కుదుపు లేకుండా దింపించిన ఓర్పంతా ఆ ముంతలోకి వచ్చింది. అన్నం క్యారియరు మూత తీయలేదు. గాజు గొట్టం మెల్లమెల్లగా దిగింది. పొద్దు వాలుతుండగా మూలనున్న చిన్న చిప్ప వెంట్రుకవాసి తెరుచుకొని, అంచు వద్ద గోధుమరంగు పొరను బయటికి చాచింది.

"లేచెనమ్మా! లేచె!" అని ఆయన వేసిన కేకకు పక్క తరగతిలో పాఠం ఆగిపోయింది. మునిలక్ష్మమ్మ క్యారియరు విప్పి, ఆయనకు ముద్ద కలిపి ఇచ్చింది. "తినప్పా సముద్రరాజా" అంది.

మరునాడు గనుల పాత కార్మికులు కుటుంబాలతో వచ్చారు. అలమేలు ఒక చిప్పలోంచి కోసి తీసిన కండరానికి ఒక తేలికైన చీపురుపుల్లను కట్టారు. అసిటైల్ కోలిన్ చుక్క పడగానే పుల్ల పైకి లేచింది. నీటితో కడిగారు. పుల్ల దిగలేదు.

"కడిగేసినా వదల్లేదే!" అన్నాడు చిన్నన్న అనే ముసలి కార్మికుడు. "సారాయి అంగడి ముందర మా ఆడది నా చెయ్యి పట్టినట్టుండాదే పట్టు!"

"వదలమని ఇంకొక కబురు పోవల్ల గదన్నా" అన్నారు వెంకటరామప్ప. అలమేలు తల ఊపగా సెరటోనిన్ చుక్కను ఆయనే వేశారు. పుల్ల వణికి, నెమ్మదిగా వంగి, కిందికి దిగింది. పండుగ నాటి వలె ఈలలు మోగాయి. మృత్యుంజయ గారు కళ్ళజోడు తుడుచుకొని ముందుకు వంగారు. "అమ్మా, ఇంకొక్కసారి బిగించండి" అన్నారు. ఆ పూట ఆయన ఆ మాట ఎన్నిసార్లు అన్నారో లెక్క లేదు. సాయంత్రానికి తొట్టిని ఆ గదిలోనే ఉంచవలసిందని ఉత్తరువు వెలువడింది.

అయితే సదరు ఉత్తరువులో తొట్టి ప్రస్తావన ఉన్నదే కాని, సహాయకుడి ప్రస్తావన లేదు. యాభై ఎనిమిదేళ్ళ వయోనిబంధన ప్రకారం శ్రీ వెంకటరామప్ప కొలువు ఈ నెలాఖరుతో ముగియనున్నది. కావున, ఆయన దేహదార్ఢ్యాన్నీ, ఆ జీవుల పట్ల ఆయనకు గల శ్రద్ధనూ దృష్టిలో ఉంచుకొని, ఆయనను అరవై సంవత్సరాలు నిండేవరకు అదే తొట్టి వద్ద కొనసాగించవలసిందిగా గౌరవనీయ పాలక మండలి వారిని ఆయన పక్షాన సవినయంగా అర్థించడమైనది.