ఎవరి చేతి తప్పు

మా కారు నడిస్తే బాగుంటుంది, నిలబడితే వణుకుతుంది. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వారు. నాకు మాత్రం నెల రోజులు ప్రాణం మీదికి వచ్చింది. దసరా వెళ్లిన వారానికి మొదలైంది. పొద్దున్నే గౌలిపుర నుంచి బేగంబజార్‌లోని దుకాణానికి వెళ్తూ పురానాపూల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగాను. చేతిలో స్టీరింగు గడగడ వణికింది. ఇంజను ఆగిపోయినట్టే అయి, మళ్లీ తేరుకుంది. ఎదురుగా బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్రలైటు వెలిగింది. యాక్సిలరేటరు తొక్కితే ఆరిపోయింది. ఇదేం చోద్యమని కాలు తీస్తే మళ్లీ వెలిగింది.

మర్నాడు సెల్ఫ్ కొడితే ఇంజను అందుకునేలోపు మూడుసార్లు మూలిగింది. ఆ తర్వాతి రోజు ఒక్క దెబ్బకే స్టార్టయింది. ఒకరోజు బాగుండి ఒకరోజు బాగుండకపోతే దాన్ని రోగమనాలా, నఖరా అనాలా నాకు అర్థం కాలేదు. పద్దెనిమిదేళ్ల కారు, ఏ వేషం వేసినా వేస్తుంది. మా ఆవిడ మాత్రం వెనక సీట్లో కూర్చుని తేల్చేసింది.

"మీ గుణమే వచ్చింది దానికి. పని మీదున్నంతసేపు మంచిగుంటరు, జర ఖాళీగ నిలవడ్డరంటే గరగర షురూ."

నాది స్టీలు సామాన్ల దుకాణం. ఇంజను గురించి నాకు తెలిసింది బానెట్ ఎక్కడ తెరుచుకుంటుందో అంతవరకే. మిగతాదంతా భాయ్‌కి తెలుసు. ఫలక్‌నుమా స్టేషను దగ్గరి సందులో ఆయన షెడ్డు. ముప్పై ఏళ్లుగా మా ఇంటి బండ్లన్నీ ఆయన చేతిమీదుగానే నడిచాయి. డెబ్బైకి దగ్గరపడ్డాడు. నన్ను సేఠ్ అంటాడు, నేను భాయ్ అంటాను. వినాయక చవితికి ముందు కారులో చార్జింగు పోతే కొత్త ఆల్టర్నేటరు బిగించింది ఆయనే. ఇంజను తిరుగుతున్నప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీ నింపే యంత్రం అది. భాయ్ ఇప్పటికీ దాన్ని డైనమో అనే అంటాడు.

అసలు చిక్కంతా అక్కడే. ఆ మధ్య భాయ్ ఒకాయన బండికి ఇంజనాయిలు మార్చి, కింది బోల్టు బిగించడం మరిచిపోయాడు. ఆయిలంతా రోడ్డుపాలై ఇంజను పట్టేసింది. ఇంట్లో కూడా మతిమరుపు కనబడుతోందట. ఆయన కొడుకు ఒక కార్ల కంపెనీ వర్క్‌షాపులో పనిచేస్తాడు, నెమ్మదస్తుడు, తండ్రిని అబ్బా అని పిలుస్తాడు. "బస్, ఇంక సాలు అబ్బా, ఎవరిదన్న బ్రేకు ఇప్పి మర్చిపోతే ఏంది గతి?" అని అడిగాడట. ఆ మాటతో భాయ్ ఒప్పుకున్నాడు: తన చేత్తో ఇంకొక్క తప్పు జరిగితే షెడ్డు బంద్. ఇదంతా కొడుకే నాకు చెప్పి, "జర మీరు గూడ చూస్తుండున్రి అంకుల్" అని నన్ను కాపలా పెట్టాడు. షెడ్డు లేకపోతే భాయ్ ఏమైపోతాడో నాకు ఊహించడానికే భయం. శుక్రవారం సెలవు రోజు కూడా ఏదో సాకుతో వచ్చి తాళం తీసే మనిషి ఆయన.

అందుకే బండి వణుకుతోందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కొత్త డైనమో బిగించి రెండు నెలలు కూడా కాలేదు. తప్పు దానిదని తేలితే భాయ్ షెడ్డుకు నేనే తాళం వేసినట్టు. తప్పు దానిది కాకపోతే మరి దేనిది? వారం రోజులు ఓపిక పట్టి, ఇక లాభం లేదని ఫలక్‌నుమా వెళ్లాను.

షెడ్డు ముందు ఆపగానే ఇంజను మారాజులా తిరిగింది. వణుకు లేదు, ఎర్రలైటు లేదు. భాయ్ మీటరు పెట్టి చూపించాడు, పద్నాలుగు వోల్టులు.

"ఏది సేఠ్ నీ బీమారు? మస్తున్నది చార్జింగు. ఫికర్ నక్కో," అని నవ్వాడు, దిగులు వద్దన్నట్టు.

నేనూ నవ్వి బయల్దేరాను. అలియాబాద్ దాటకముందే లైటు వెలిగింది. స్టీరింగు మీద ఒక్కటి చరిచాను, నా అరచెయ్యే నొచ్చింది.

రెండోసారి కారు అక్కడే వదిలేశాను. మధ్యాహ్నం వేడెక్కాక మీటరు పన్నెండున్నరకు పడిపోయిందట. ఇక అక్కణ్నుంచి మొదలైంది. భాయ్ ప్లగ్గులు మార్చాడు. ఇంజనులోకి గాలి వెళ్లే దారి విప్పి కడిగాడు. బెల్టు బిగించాడు. వేరే బ్యాటరీ పెట్టి చూశాడు. ఏది చేసినా రెండు రోజులు బాగుండేది, మూడో రోజు మామూలే. ఆఖరికి డైనమోనే విప్పి ఇంటికి పట్టుకుపోయి, అంతా తీసి చూసి మళ్లీ బిగించాడు. "ఇది మంచిగనే ఉన్నది సేఠ్" అన్నాడు గానీ నా ముఖం చూడలేదు.

పక్కన నిలబడితే నాకింకొకటి కనబడేది. బానెట్ కింద ఒక మూలకు రాగానే ఆయన ఆగిపోయేవాడు. పెదవులు కదిలేవి. ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు నిలబడి, చటుక్కున చెయ్యి ఇంకోచోట పెట్టేవాడు. పని మధ్యలో పని మరిచిపోతున్నాడనుకున్నాను. ఏది బండి రోగమో ఏది భాయ్ రోగమో విడదీయలేక నా బుర్ర వేడెక్కిపోయింది.

మా దుకాణానికి దగ్గర్లో ఒక కొత్త షెడ్డులో స్కానరు పెట్టి చూస్తారంటే దొంగచాటుగా అక్కడికి తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ తీగ తగిలించి ఫోనులో అంకెలు చూశాడు.

"కరెంటు తక్కువొస్తున్నదన్నా. గది సాలకపోతే ఇంజను మిస్సింగ్ గొట్టక ఏం జేస్తది? డైనమో ఎవరు బిగించిన్రు?"

చెప్పాను.

"గంత ముసలోళ్లకెందుకిస్తరన్నా బండి?"

అతను చెప్పిన మొదటి ముక్క నూటికి నూరుపాళ్లూ నిజం. రెండో ముక్క మాత్రం నా మనసులో పడి కుళ్లడం మొదలుపెట్టింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ గురువారం సాయంత్రం ఫలక్‌నుమా వెళ్తుంటే కారు నడిరోడ్డు మీద రెండుసార్లు ఆగింది. వెనక ఆటోవాళ్ల హారన్లు, తిట్లు. షెడ్డు చేరేసరికి ఒళ్లు మండిపోతోంది. భాయ్ కొడుకు కూడా అక్కడే ఉన్నాడు. చూడలేదంటే అబద్ధం, చూసే అన్నాను.

"నీ చెయ్యి పోయింది భాయ్. ఇంక ఇడిచిపెట్టు."

భాయ్ నాతో లొల్లి పెట్టుకుని ఉంటే బాగుండేది. గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ అలాగే నిలబడ్డాడు. వేళ్లు శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. కొడుకే నెమ్మదిగా అన్నాడు, "ఆయితారం దాకా చూద్దాం అబ్బా. అప్పటికి దొరకకపోతే ఈ షెడ్డు మాలిక్‌కు చాబీ ఇచ్చేద్దాం."

కారు అక్కడే వదిలి ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఈసారి నవ్వలేదు. "గంత మాట ఎట్లొచ్చింది మీ నోట్లకెళ్లి? అది గూడ ఆయన కొడుకు ముంగట?" అంది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా అమ్మ నాకోసమే అంటుండేది. ఆదివారం దాకా ఒకటే ఆలోచన. భాయ్ చెయ్యి నిజంగానే పోయి ఉంటే నేనన్నది నిజమే కదా అని ఒకసారి, నిజమైతే మాత్రం అంటారా అని ఒకసారి.

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. తండ్రీ కొడుకులు ఇద్దరూ ఉన్నారు. కారు అదృష్టం కొద్దీ వణుకుతూనే ఉంది. కొడుకు మీటరు తీసి ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఒక కొస ఇంజనుకు ఆనించాడు. అక్కడ సున్నా చూపించాలట. ఒకటి దాటి చూపించింది. కొడుకు తండ్రి వైపు చూశాడు. భాయ్ లోపలికి వెళ్లి లావాటి కేబులు తెచ్చాడు. ఒక చివర బ్యాటరీ మైనస్‌కు పట్టించి, రెండో చివర ఇంజను ఇనుముకు నొక్కాడు.

వణుకు ఆగిపోయింది. ఎర్రలైటు ఆరిపోయింది. కేబులు తీస్తే వణుకు, పెడితే నిమ్మళం. మూడుసార్లు చేసి చూపించాడు.

బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు మళ్లీ బ్యాటరీకే తిరిగి చేరాలి. కారు ఇనుప బాడీయే దానికి తిరుగుదారి. ఇంజనుకూ బాడీకీ మధ్య ఒక అల్లిక పట్టీని బోల్టుతో బిగిస్తారు. అక్కడ లోహానికి లోహం తగలకపోతే అంతే సంగతులు. ఇంజను అదురుకు కాస్త తగిలినరోజు బండి బాగుంటుంది, కాస్త జరిగినరోజు వణుకుతుంది. కొడుకు పానా పెట్టి ఆ బోల్టు విప్పాడు. పట్టీ కింద మందంగా, తళతళలాడుతూ వెండిరంగు పెయింటు.

"అబ్బా, యే రంగ్ ఆప్ మారే క్యా?" అన్నాడు. ఈ రంగు నువ్వేశావా అని.

భాయ్ తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఆ రంగు నాది.

దసరా పూజకు ముందు మా దుకాణంలో ఇనుప వస్తువు ప్రతిదానికీ సిల్వర్ పెయింటు పడుతుంది. తరాజు, షట్టరు కొక్కేలు, సామాన్ల ర్యాకులు, తోపుడు బండి. అన్నం పెట్టే వస్తువు తుప్పుతో పూజకు కూర్చోకూడదని మా తాతల నాటి పట్టింపు. బ్రష్షు నేనే పడతాను, ఇంకొకరి చేతికివ్వను. ఈసారి డబ్బాలో రంగు మిగిలింది. కారు కూడా పూజకు కూర్చునేదే కదా అని బానెట్ ఎత్తితే ఆ పట్టీ దగ్గర తుప్పు కనబడింది. పద్ధతిగా పానాతో విప్పాను, గరుకు కాగితంతో రుద్దాను, పైనా కిందా రెండేసి పూతలు వేసి, ఎండలో ఆరబెట్టి మళ్లీ బిగించాను. కారుకు ఏదో చేశానని నాకు ఒక్కనాడూ అనిపించలేదు. పూజకు శుభ్రం చేయడాన్ని ఎవరైనా రిపేరు అంటారా? చంకలో బిడ్డను పెట్టుకుని సంతంతా వెతికాను, అదీ దారిన పోయేవాళ్లందరినీ తిడుతూ.

ఇప్పుడు దాచడమెందుకు, పైకి చెప్పకుండా ఊరుకుందామని కూడా ఒక్క క్షణం అనిపించింది. భాయ్ ఇంకా తన చేతులే చూసుకుంటున్నాడు.

"నేనే ఏసిన," అన్నాను. "దసరాకు. భాయ్‌ది ఏం తప్పు లేదు."

"గిన్నిరోజులు ఎందుకు చెప్పలే అంకుల్?" కొడుకు గొంతులో కోపం.

"యాదికే రాలే బిడ్డా."

భాయ్ నా చెయ్యి పట్టుకుని కారు వెనక్కి తీసుకెళ్లాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"మొదటి దినమే చూసిన సేఠ్ ఆ బోల్టు. కొత్తగ మెరుస్తున్నది. డైనమో ఏసిననాడు నేనే రంగేసిననేమో అనుకున్న. మస్తు యాదిజేసుకున్న, రాలే. ఎవరేసిన్రని నిన్ను అడుగుదామనుకున్న. నువ్వే గద భాయ్ అంటవేమోనని భయమైంది. గందుకే దాన్ని ముట్టలే." ఆగి, నా ముఖంలోకి చూశాడు. "నిజం చెప్పు. నువ్వే ఏసినవా? నా మీద రహం తోని, జాలిపడి చెప్తలేవు గద?"

ఒట్టేశాను. తలూపాడు గానీ నమ్మలేదు. కోపంలో నేనన్న అబద్ధాన్ని ఆ క్షణమే నమ్మాడు, ఇప్పుడు నిజం చెబుతుంటే నమ్మడం లేదు. కొడుకు రంగంతా గీకి పట్టీ బిగించగానే, ఇద్దరినీ కారెక్కించి తిన్నగా బేగంబజార్ తీసుకెళ్లాను. దారిలో ఎన్ని చోట్ల ఆగినా బండి కిమ్మనలేదు. దాని గురించి సంతోషపడే తీరిక మాత్రం ఎవరికీ లేదు.

షట్టరు ఎత్తి లైటు వేశాను. తరాజు, ర్యాకులు, అన్నీ అదే రంగు. పెయింటు డబ్బా తెచ్చి భాయ్ ముందు పెట్టాను. గీకిన పెచ్చు ఒకటి ఆయన చిటికెలోనే ఉంది. అందులో బ్రష్షు వెంట్రుక ఒకటి ఇరుక్కుని ఉందని నేను అప్పుడే చూశాను. భాయ్ తరాజు కాడను కంటికి దగ్గరగా పెట్టుకుని వేలితో తడిమాడు. అక్కడ కూడా అలాంటి వెంట్రుకలే, ఒకటి కాదు, నాలుగైదు. నేను కొనే బ్రష్షులు అలాంటివి మరి.

స్టీలు బిందెల మధ్య నేల మీదే కూర్చుండిపోయాడు. ఏడుస్తాడేమోనని భయమేసింది. ఏడవలేదు.

"నేను మర్చిపోలే," అన్నాడు. "నేను ఏయనే లేదు."

అదే మాట నాలుగుసార్లు అన్నాడు. ఆయిలు బోల్టు సంగతి నిజమేనని కొడుక్కీ తెలుసు, నాకూ తెలుసు. ఆ పూట ఇద్దరం ఆ మాటెత్తలేదు. కొడుకు తండ్రి పక్కనే చతికిలబడి, "షెడ్డు ఉండనీ అబ్బా. సాయంత్రం డ్యూటీ కాంగనే నేనొచ్చి బోల్టులన్నీ ఒకసారి చూసిపోత" అన్నాడు. భాయ్ దానికి సరేనన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. ముప్పై ఏళ్లలో ఆయన నాతో అంత గట్టిగా మాట్లాడింది లేదు.

"మొన్న నా కొడుకు ముంగట ఒక మాటన్నవ్ సేఠ్. ఇప్పుడు నా కొడుకు ముంగటనే వాపస్ తీస్కో."

"తీసుకున్న భాయ్," అన్నాను. "నీ చెయ్యి మంచిగున్నది."

ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను.