ఒకటికి పది

ఝపటాపూర్‌లో పాత కాగితాల కొట్టులో ఇవాళ బబుల్‌గమ్ క్రికెట్ కార్డులు దొరికాయి. ఇంకా ఆ తియ్యటి వాసనే. రైల్వే క్వార్టర్ల నేస్తాలూ, మన రూలు గుర్తుందా? వికెట్ కీపర్ కార్డు కావాలంటే మామూలువి పది ఇవ్వాలి.

చిన్నప్పుడు పక్కింటి సింహాచలం జ్వరంతో పడుకుని నా కీపర్ కార్డు అడిగాడు. "ఓపాలి సూసి ఇచ్చేత్తాన్రా."

"పది తే," అన్నాను.

వాడు పోయిన మూడో రోజు వాళ్ల చెల్లి వచ్చింది. "అన్నియ్య కూడబెట్టినాడు. పదీ ఉన్నాయి, సూసుకో. ఆ కార్డు ఇయ్యి, ఆడి పొటో కాడ పెడతాను."

సిగ్గులేకుండా లెక్కపెట్టుకుని మరీ తీసుకున్నాను.

ఇప్పటికీ కీపర్ కార్డు ఎక్కడ కనిపించినా కొంటాను. ఎవరడిగినా ఊరికే ఇచ్చేస్తాను. ఆ పది మాత్రం ఇంకా నా దగ్గరే ఉన్నాయి.